చట్రములో విఱిగి బిగిసిన బోల్టును తీయు విధము

మోటారు బండికి చట్రము మన శరీరమునకు వెన్నెముక వంటిది. ఇంజను, ఇరుసులు, కమానులు, పైకట్టు అన్నియు దానినే ఆధారము చేసికొని నిలుచుచున్నవి. వీనిలో అనేక భాగములను చట్రమునకు బిగించియుంచునవి బోల్టులే. 1932వ సంవత్సరము జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించిరి. నాటినుండి బండ్ల రూపములు ఎన్నియో మాఱినవి గాని బోల్టు చేయు పని మాఱలేదు. మన మంచాలనుండి ఇబ్రహీంపట్నమునకు పోవు జీపులును, ఆటోలును, పొలములలో దున్ను ట్రాక్టర్లును దానినే నమ్మి నడచుచున్నవి. అట్టి బోల్టు తుప్పుపట్టి బిగిసి, విప్పబోయినప్పుడు తల తెగి, కాడ లోపలనే నిలిచిపోయినచో ఏమి చేయవలయునో ఈ పాఠమున వివరించెదము.

బోల్టు ఏల బిగియును?

ఇనుము నీటితోను గాలిలోని ప్రాణవాయువుతోను కూడి తుప్పగును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. బోల్టు మరచుట్లకును నట్టు మరచుట్లకును నడుమనుండు సందు మిక్కిలి ఇఱుకైనది. ఆ సందులో తుప్పు పెరిగి, మేకు దిగగొట్టినట్లు రెంటిని బిగించివేయును. వరిమడుల బురద చట్రముపై అంటుకొని తేమను నిలిపియుంచును. బస్తాలనుండి రాలిన పొటాషు ఎరువు ఉప్పుజాతికి చెందినది గాన, తడిసినప్పుడు తుప్పును వేగిరపఱచును. ఇట్లు బిగిసిన బోల్టును పొడవైన పానాతో బలము కొలది త్రిప్పినచో, మరచుట్లు వదలుటకు ముందే కాడ తెగును. బలము చాలక గాదు, బలము తొందరపడుటచేతనే బోల్టు విఱిగినదని తెలిసికొనవలయును.

ముందు జాగ్రత్తలు

జాకీ ఒక్కదానిమీద నిలిపిన బండి క్రిందికి ఎన్నడును పోరాదు. గట్టి స్టాండులపై బండిని నిలిపి, చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టవలయును. కన్నులకు అద్దములు ధరింపవలయును. నిప్పుతో పనియున్నచో ఇంధనపు గొట్టములను, బ్రేకు గొట్టములను, రబ్బరు భాగములను దూరముగా తొలగింపవలయును. చిందిన నూనెను తుడిచివేయవలయును. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగను విప్పవలయును. నిప్పుపనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేయగా విద్యార్థులు దూరమునుండి చూచుటయే తగును.

ఐదు మెట్లు

మొదటిది నూనె. తీగ బ్రష్షుతో తుప్పును రాల్చి, సందులోనికి దిగు పలుచని నూనెను పోసి, ఒక రాత్రి నాననీయవలయును. నడుమ నడుమ సుత్తితో మెల్లగా తట్టినచో తుప్పు పగిలి నూనెకు దారి యిచ్చును. ఇప్పుడు అంగళ్లలో దొరకు డబ్ల్యూడీ-40 అను ద్రవము 1953వ సంవత్సరమున అమెరికాలోని శాన్ డియేగో నగరమున తయారైనది. నీటిని తొలగించుటకై చేసిన 40వ ప్రయత్నము అనియే దాని పేరునకు అర్థము. తొలి ప్రయత్నములు నెరవేఱలేదని విడిచిపెట్టియుండినచో ఆ పేరే పుట్టియుండదు గదా!

రెండవది పట్టు. కాడ కొంత పైకి కనబడుచున్నచో వైస్ గ్రిప్పుతో గట్టిగా పట్టి, ఒక్కవైపునకే త్రిప్పక, కొంచెము విప్పి కొంచెము బిగించుచు ముందు వెనుకలుగా కదలింపవలయును. ఇట్లు చేయుటచే తుప్పు పొడియై రాలును.

మూడవది వేడి. కమ్మరి బండి చక్రమునకు ఇనుప పట్టాను ఎక్కించుట మీలో కొందఱు చూచియుందురు. కాల్చిన పట్టా వ్యాకోచించి చక్రముమీదికి దిగును. చల్లారిన తోడనే సంకోచించి బిగియును. ఇచ్చటను సూత్రమదియే. రంధ్రము చుట్టునున్న ఇనుమును కాల్చినచో రంధ్రము పెద్దదగును. ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షవ వంతులు సుమారు 12 పెరుగును. 10 మిల్లీమీటర్ల రంధ్రము 300 డిగ్రీలు వేడెక్కినచో 0.036 మిల్లీమీటరు విశాలమగును. ఇది తలవెండ్రుక మందములో సగము పాటిదే యైనను, తుప్పు పట్టును సడలించుటకు తఱచుగా చాలును.

నాలుగవది వెల్డింగు. విఱిగిన కాడపై ఒక నట్టును నిలిపి, దాని రంధ్రములోనుండి కాడకు వెల్డింగు చేయుదురు. త్రిప్పుటకు క్రొత్త తల దొరకుటయే కాక, కాడ కాలి ఉబ్బి తుప్పును నలుగగొట్టి, చల్లారునప్పుడు ముడుచుకొని వదులగును. కొంత చల్లారిన పిదప పానాతో మెల్లగా త్రిప్పవలయును.

ఐదవది డ్రిల్లు. కాడ నట్టనడుమ పంచితో గుర్తు కొట్టి, నూనె వేయుచు, తక్కువ వేగముతో సన్నని రంధ్రము తొలువవలయును. ఎడమవైపునకు తిరుగు డ్రిల్లు దొరకినచో మేలు. తొలుచుచుండగానే కాడ ఒక్కొక్కప్పుడు తానే వెలికి వచ్చును. రాకున్నచో ఎదురు మరచుట్లుగల ఎక్స్‌ట్రాక్టరును రంధ్రములో దింపి త్రిప్పవలయును. అది మిక్కిలి కఠినమైన ఉక్కు. లోపల విఱిగినచో సాధారణమైన డ్రిల్లు దానిని తొలువజాలదు. కావున కదలనిచో బలవంతము చేయక ఆపవలయును. అప్పుడు 1.5 మిల్లీమీటరు మరగల 10 మిల్లీమీటర్ల బోల్టునకు రంధ్రమును 8.5 మిల్లీమీటర్ల వరకు పెంచి, ట్యాపుతో మరచుట్లను శుభ్రపఱచవలయును.

ఈ క్రమమును తలక్రిందులు చేయరాదు. నూనె పోసినవాడు వేడిచేయవచ్చును, వేడిచేసినవాడు తొలువవచ్చును. కాని వంకరగా తొలిచినవానికి వెనుకకు దారి లేదు.

క్రొత్త బోల్టు

పాత బోల్టు తలమీది అంకెను చూచి, అదే జాతి బోల్టునే వేయవలయును. 8.8 అను గుర్తునకు, అది చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడు బలమును ఓర్చుననియు, అందులో నూటికి 80 వంతులవఱకు శాశ్వతముగా సాగదనియు అర్థము. అంగడిలో చౌకగా దొరకు గుర్తులేని బోల్టు చూపునకు అట్లే యుండును గాని భారమునకు నిలువదు.

బండి క్రింద జరిగిన పనిని యజమానుడు చూడడు. నాలుగు బోల్టులలో ఒకటి విఱిగినను మూటితో బండి కదలును. పైన గ్రీజు పూసి పంపినచో అడుగువారుండరు. కాని ఆ బండిలో ప్రొద్దున బడిపిల్లలు ఎక్కుదురు, సాయంకాలము కూలి ముగించుకొని తల్లులు ఎక్కుదురు. మూడు బోల్టులు నాలుగింటి భారమును మోయుచు ఏ గుంటలో తెగునో ఎవరెఱుగుదురు? మనుష్యుల కన్నులకు కనబడని చోటును దేవుడు చూచుచున్నాడని మన పాఠశాలలో ప్రతిదినము నేర్చుకొనుచున్నాము. ఆ పాఠము ప్రార్థనాగృహమునకే గాక బండి క్రిందికిని వర్తించును. విద్యార్థులారా, మీలో ఎవరు ఏ పనిముట్టు చేతబట్టినను, ఓర్పుతో మొదలుపెట్టి నమ్మకముతో ముగింపుడు.