పనికి పోతూనే పరుగు

మారథాన్ అంటే ఏమిటి?

మారథాన్ అంటే చాలా దూరం పరిగెత్తే పందెం. ఆ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. విజయవాడ నుంచి గుంటూరుకు రోడ్డు మీద ఇంచుమించు 35 కిలోమీటర్లు ఉంటుంది. గుంటూరు చేరాక కూడా ఇంకో ఏడు కిలోమీటర్లు పరిగెత్తాలన్నమాట!

1896లో గ్రీసు దేశంలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. మారథాన్ పందెం అప్పుడే మొదలయింది. ఇప్పుడు మన హైదరాబాద్‌లో కూడా ఏటా మారథాన్ జరుగుతోంది. ఉద్యోగాలు చేసేవాళ్లు, ఇల్లు చక్కబెట్టుకునే ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు కూడా అందులో పరిగెత్తుతున్నారు.

ఇంత దూరం పరిగెత్తడం ఒక్క రోజులో రాదు. నెలల తరబడి సాధన చేయాలి. కాని పనికి పోయేవాళ్లకు తీరిక ఏది? మధ్యలో జ్వరం వస్తే? కాలు బెణికితే? సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తారు. మానకుండా నిలబడిన ఒక గుమాస్తా కథ ఇది. చదవండి.

కాళ్ల నొప్పులు

అతని పేరు యూకి కవౌచి. జపాన్ దేశస్థుడు. 1987లో పుట్టాడు. చిన్నప్పుడు తల్లే అతనికి పరుగు నేర్పింది. పార్కుకు తీసుకుపోయి, గడియారం చూస్తూ పరిగెత్తించేది.

హైస్కూలులో ఉండగా యూకికి కాళ్లకు గాయాలు మొదలయ్యాయి. అక్కడ సాధన ఎక్కువ, విశ్రాంతి తక్కువ. ఒకటి మానేలోపు ఇంకొకటి వచ్చేది. పరుగు ముందుకు సాగలేదు.

కాలేజీలో శిక్షకుడు వేరే దారి చూపాడు. వారానికి రెండు రోజులే గట్టిగా పరిగెత్తమన్నాడు. మిగతా రోజులు మెల్లగా పరిగెత్తితే చాలన్నాడు. సాధన తగ్గింది. గాయాలూ తగ్గాయి. వేగం మాత్రం పెరిగింది! తక్కువ చేసినా విడవకుండా చేయాలని యూకికి అప్పుడు అర్థమయింది.

పొద్దున పరుగు, తర్వాత పని

జపాన్‌లో పెద్ద పెద్ద కంపెనీలు పరుగు జట్లను పోషిస్తాయి. ఆ జట్లలో ఉన్నవాళ్లకు శిక్షకులు ఉంటారు. రోజుకు రెండుసార్లు సాధన చేసే వీలుంటుంది. యూకి అటువంటి జట్టులో లేడు. 2009లో చదువు ముగించి, సైతామా అనే చోట ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. ఒక హైస్కూలు ఆఫీసులో గుమాస్తా పని చేశాడు. పగలు పనులు చేసుకునేవాళ్లు సాయంత్రం వచ్చి చదువుకునే బడి అది. అందుకని అతని డ్యూటీ మధ్యాహ్నం మొదలయ్యేది. ఇంటికి పోయేసరికి బాగా రాత్రయ్యేది.

అతనికి మిగిలింది పొద్దుటి పూట ఒక్కటే. ఆ పూటనే వాడుకున్నాడు. శిక్షకుడు లేడు. తన సాధన తనే చూసుకున్నాడు. అతని వారం ఇలా ఉండేది:

బుధవారం – వేగంగా పరుగు.
శని, ఆదివారాలు – దూరపు పరుగు, లేదా ఏదైనా పందెం.
మిగతా రోజులు – మెల్లగా పరుగు. రోజుకు ఒక్కసారే.

పందేలనే అతను సాధనగా వాడుకున్నాడు. అక్కడ తోడు పరిగెత్తేవాళ్లు ఉంటారు. దారిలో నీళ్లు అందిస్తారు. ఒంటరివాడికి ఇంతకంటే ఏం కావాలి? కంపెనీ జట్లలో కొందరు నెలకు 1000 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతారు. యూకి పరిగెత్తింది సుమారు 600 కిలోమీటర్లే.

ఓడిన రోజు

2011లో టోక్యో మారథాన్ జరిగింది. యూకి మూడోవాడుగా వచ్చాడు. జపాన్ వాళ్లలో అతనే ముందు. పట్టిన సమయం 2 గంటల 8 నిమిషాల 37 సెకన్లు. ‘ఎవరీ గుమాస్తా?’ అని దేశమంతా అడిగింది.

మరుసటి ఏడు అదే పందెంలో 14వ స్థానానికి పడిపోయాడు. లండన్ ఒలింపిక్స్‌కు పోయే అవకాశం చేజారింది. ఆశ పెట్టుకున్న జనానికి మొహం ఎలా చూపించాలి? యూకి గుండు చేయించుకున్నాడు. క్షమించమని అడిగాడు. పరుగు మాత్రం ఆపలేదు. మళ్లీ పొద్దున్నే లేచాడు. మళ్లీ పనికి పోయాడు. 2013లో సియోల్ నగరంలో 2 గంటల 8 నిమిషాల 14 సెకన్లలో మారథాన్ ముగించాడు. టోక్యోలో అందరూ మెచ్చుకున్న పరుగు కంటే ఇది వేగం.

బోస్టన్ వాన

అమెరికాలో బోస్టన్ అనే నగరం ఉంది. అక్కడి మారథాన్ చాలా పాతది. 1897లో మొదలయింది. 2018 ఏప్రిల్ 16న ఆ పందెం జరిగింది. ఆ రోజు జోరున వాన. ఎముకలు కొరికే చలి. ఎదురుగాలి. పేరున్నవాళ్లు ఎందరో మధ్యలోనే ఆగిపోయారు.

యూకికి చలి కొత్త కాదు. ఆ ఏడు జనవరి 1నే, బోస్టన్ ఉన్న రాష్ట్రంలోనే, గడ్డకట్టే చలిలో ఒక మారథాన్ పరిగెత్తాడు. ఇప్పుడు అది అక్కరకొచ్చింది. అంతకు ముందటేడు గెలిచిన కెన్యా వీరుడు జెఫ్రీ కిరుయి చాలా దూరం ముందున్నాడు. చివరి కొద్ది కిలోమీటర్లలో యూకి అతన్ని దాటేశాడు. 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. అంతకు ముందు జపాన్ మగవాళ్లలో ఒకరు అక్కడ గెలిచింది 1987లో. అంటే యూకి పుట్టిన ఏడు!

గెలిచి ఇంటికి పోయాడు. మళ్లీ బడి ఆఫీసులో పనికి కూర్చున్నాడు. మరుసటి ఏడు 2019లో ఉద్యోగం మాని, పరుగునే వృత్తిగా పెట్టుకున్నాడు. 2021లో 2 గంటల 7 నిమిషాల 27 సెకన్లలో మారథాన్ ముగించాడు. టోక్యోలో ఓడి అప్పటికి తొమ్మిదేళ్లు.

మనకు పనికొచ్చేది ఏమిటి?

మనం బోస్టన్‌లో గెలవనక్కరలేదు. కాని పరిగెత్తాలని ఉన్నవాళ్లు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి: మీ రోజులో మీ చేతిలో ఉండే పూట ఏదో చూసుకోండి. ఒకరికి అది తెల్లవారుజాము. ఇంకొకరికి పని దిగిన తర్వాత. ఆ పూటను పరుగుకు కట్టేయండి. గంట దొరక్కపోతే అరగంట చాలు. ఎండాకాలంలో మాత్రం ఎండ ఎక్కకముందే ముగించాలి.

రెండు: రోజూ గట్టిగా పరిగెత్తకండి. పక్కవాడితో మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తండి. వారానికి ఒకటి, రెండు రోజులే గట్టి పరుగు. ఎందుకంటే ఊపిరి కొన్ని వారాల్లోనే బలపడుతుంది. ఎముకలు, నరాలు బలపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి ఉంది కదా అని దూకితే కాళ్లు దెబ్బతింటాయి.

మూడు: నాలుగైదు రోజులు తప్పితే దిగులు పడకండి. అంతలో ఒంట్లో సత్తువ ఎక్కడికీ పోదు. తప్పిన పరుగునంతా ఒక్క రోజులో తీర్చాలని మాత్రం చూడకండి. అది గాయాలకు దారి. రెండు, మూడు వారాలు తప్పితే తక్కువ దూరంతో మళ్లీ మొదలుపెట్టండి. నిదానమే ప్రధానం.

నాలుగు: ఒళ్లు నొప్పులు వేరు, గాయం వేరు. రెండు రోజుల్లో తగ్గేది ఒళ్లు నొప్పి. ఒకేచోట పొడిచినట్లుంటే, అడుగు వేసినకొద్దీ పెరుగుతుంటే అది గాయం. అప్పుడు ఆగాలి. డాక్టరుకు చూపించాలి. జ్వరం ఉన్నప్పుడు అసలు పరిగెత్తకూడదు. పరిగెత్తేటప్పుడు గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి ఆసుపత్రికి పోవాలి. బి.పి., షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

చెప్పండి

1. కాలేజీలో యూకికి గాయాలు ఎందుకు తగ్గాయి?
2. పందేలను అతను ఎలా వాడుకున్నాడు?
3. తప్పిన పరుగును ఒక్క రోజులో ఎందుకు తీర్చకూడదు?

చేయండి

ఒక కాగితం మీద వారం రోజుల పేర్లు వరసగా రాయండి. ఏ రోజు ఏ పూట మీకు అరగంట వీలవుతుందో పక్కనే రాయండి. వీలు కాని రోజు దగ్గర గీత పెట్టండి. ఎన్ని రోజులు మిగిలాయో లెక్క చూడండి. మూడు రోజులు మిగిలినా చాలు, మొదలుపెట్టవచ్చు.