లోపలి కరెంటు – పొరుగు అవయవాలు



గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు బయటి నుండి రేడియేషన్, అంటే మన తిరువూరు వారి మాటలో "కరెంటు", ఇచ్చిన పిమ్మట లోపల కూడ పెట్టాలనగానే కొందరు సోదరీమణులు భయపడి చికిత్స మానుకొంటున్నారు. మూత్రసంచి, పెద్దపేగు చివరి భాగం కాలిపోతాయని వారి భయం.

అది వట్టి భయం కాదు. అవి రెండూ గర్భాశయానికి ముందు వెనుకల ఆనుకొనే ఉంటాయి. అందుకే మత్తిచ్చి గొట్టాలు అమర్చాక, గాజుగుడ్డను కూర్చి వాటిని దూరంగా నెడతారు. దూరం రెండింతలైతే కిరణాల తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది గనుక ఒక్క సెంటీమీటరైనా మేలే. తరువాత స్కాను తీసి, బియ్యపు గింజంత ఇరిడియం-192 ఎక్కడ ఎంతసేపు నిలవాలో లెక్కగడతారు. కదలకుండా పడుకొనుట రోగి వంతు. కొన్ని నిమిషాలలో ఆ గింజ తిరిగి పెట్టెలోకి పోతుంది. ఇంటికి వచ్చిన తల్లి బిడ్డను నిర్భయంగా ఎత్తుకోవచ్చు.

ఒకే క్రియకు రెండు ఫలితాలుండవచ్చుననీ, వాటిలో ఒకటే మన ఉద్దేశం కావచ్చుననీ పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. కోరని కీడును చేతనైనంత తగ్గించుట కూడ మన బాధ్యతే. ఆ గాజుగుడ్డ పని అదే.

అయినను కొంత హాని మిగలవచ్చు. నెలల తరువాతనైనా మలమూత్రాలలో రక్తం కనబడితే సిగ్గుపడక డాక్టరుకు చెప్పండి. హైదరాబాదు ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈ చికిత్స ఉంది. భర్తలారా, మీరే తోడు వెళ్లండి.