మేతలో ఇనుము – చిట్టెలుక లెక్క

ప్రయోగశాల చిట్టెలుకలకు పెట్టే ఏఐఎన్-93జీ ప్రామాణిక మేతలో కిలోకు సుమారు 35 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మామూలు గింజల మేతలో చాలా రెట్లు ఎక్కువ. మేత వివరం చెప్పని ఫలితాలను అందుకే అనుమానించాలి. మేతలో ఇనుము పెరిగితే కాలేయం హెప్సిడిన్ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగు కణాల్లో ఇనుమును రక్తంలోకి పంపే ఫెర్రోపోర్టిన్‌ను అడ్డుకుంటుంది. ఇనుము కొరవడితే హెప్సిడిన్ తగ్గి, శోషణ పెరుగుతుంది. అదనపు ఇనుమును బయటికి పంపే ప్రత్యేక మార్గం శరీరానికి లేదు. అది ఫెర్రిటిన్ రూపంలో ప్రధానంగా కాలేయంలో నిల్వ ఉంటుంది.

2001లో ఫ్రాన్స్ పరిశోధకులు హెప్సిడిన్ లేని చిట్టెలుకల కాలేయం, క్లోమాల్లో ఇనుము పేరుకుపోవడం గమనించారు. ప్లీహంలో మాత్రం తక్కువే! మనిషికి హెప్సిడిన్ జన్యువు ఒకటే, చిట్టెలుకకు రెండు. ఈ తేడాను గుర్తుంచుకోవాలి.