పెద్దల నీరసం – బలాహారం

వయసు మళ్లినవాళ్లు చిక్కిపోతే "ముసలితనం, ఇంతేలే" అనడం మనకు అలవాటు. వృద్ధాప్యంలో కండ కొంత తరుగుతుంది, నిజమే. కాని ఆరు నెలల్లో బరువు నూటికి 5 వంతులకు మించి తగ్గితే దానిని వయసు ఖాతాలో వేయరాదు. పోషకాహార లోపాన్ని అనుమానించాలి. 40 కిలోల అవ్వకు అది 2 కిలోలే. ఇంట్లో కాటా లేకపోయినా రవిక వదులు కావడం, గాజులు పైకి జారడం కనిపిస్తూనే ఉంటాయి గదా!

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఈ లోపం ముదరడానికి మరో కారణం ఉంది. వానలు మోసం చేసిన ఏడు కష్టపడగలిగిన వాళ్లంతా సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. తన ఒక్క కడుపు కోసం పొయ్యి వెలిగించడానికి ముసలామెకు మనసు రాదు. పొద్దున కాల్చిన జొన్నరొట్టె రాత్రికి గట్టిపడుతుంది, పళ్లు లేని నోటికి లొంగదు. చివరికి టీ నీళ్లు, గుప్పెడు బొరుగులు. ఆకలి అణుగుతుంది గాని కండకు చేరేదేమీ లేదు.

ఇలాంటివారికి రోజూ తినే తిండికి అదనంగా కనీసం 400 కేలరీలు, 30 గ్రాముల మాంసకృత్తులు అందే బలాహారాన్ని నెల రోజులకు తగ్గకుండా ఇవ్వాలని ఐరోపా నిపుణుల సూచన. అన్నానికి బదులుగా కాదు, అదనంగా. ఈ మాట మరచి, డబ్బా పొడి తాగించి రాత్రి ముద్ద మానిపించే ఇళ్లున్నాయి!

డబ్బా కొనలేనివారికి దారి లేదా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం "హైదరాబాదు మిశ్రమం" రూపొందించింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. దీనిలో 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెద్దలకు దీనితోపాటు గ్లాసు పాలు, రెండు గుడ్లు చేరిస్తే 30 గ్రాముల లెక్క ఇంచుమించు కుదురుతుంది. గోధుమలకు బదులు జొన్నలు వేసుకున్నా పెద్ద నష్టం లేదు. జొన్నలో కొరవడిన లైసీను పప్పులోనూ పాలలోనూ దొరుకుతుంది. గుడ్డు ముట్టనివారు పాలు, పప్పు పెంచుకోవాలి. పాలలో జావగా కాచి, రెండు భోజనాల నడుమ కొద్దికొద్దిగా పట్టాలి. ఒక్కసారే పోస్తే మళ్లీ ఆకలి చచ్చిపోతుంది.

చక్కెర జబ్బు ఉంటే బెల్లం తీసేయాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగనిదే మాంసకృత్తులు పెంచరాదు. సుగ్గికి పోయేవారు పొడి కొట్టి పెట్టిపోవచ్చు గాని, వేరుశనగ పొడి త్వరగా కారుతుంది. పొరుగింటివారితో వారం వారం కొట్టించుకోవడం మేలు. బూజు పట్టిన గింజలను ముందే ఏరి పారేయాలి. వాటి విషం వేయించినా పూర్తిగా పోదు.