ఆర్డర్ చెప్పే ముందు ఒక్క నిమిషం

చిరంజీవి మేనల్లుడికి,



హైదరాబాద్ ఉద్యోగం, కొత్త స్నేహితులు, శనివారం రాత్రి బయటి భోజనాలు అన్నీ బాగున్నాయని రాశావు. తిన్న ప్రతిసారీ కడుపు బరువెక్కి ఆదివారమంతా మంచం దిగబుద్ధి కావడం లేదనీ రాశావు. నోరు కట్టుకోవడం నీవల్ల కావట్లేదన్నావు. నోరు కట్టుకోమని నేను చెప్పను. వేడివేడి బిర్యానీ ఎదురుగా పెట్టుకుని వద్దనుకోవడం ఎవరికైనా కష్టమే. అసలు నిర్ణయం అంతకంటే ముందే, మెనూ చేతిలో ఉండగానే అయిపోతుంది. నీ జాగ్రత్తంతా అక్కడ చూపించు.

రాత్రికి బిర్యానీ ఉంది కదా అని మధ్యాహ్నం భోజనం మానేయకు. నకనకలాడే ఆకలితో కూర్చున్నవాడికి మెనూలో అన్నీ కావాలనే అనిపిస్తుంది. మధ్యాహ్నం మామూలుగా తిను. సాయంత్రం ఒక జామకాయో, గుప్పెడు వేయించిన శనగలో తిని బయల్దేరు. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపించాలని 2022 జులై 1 నుంచి నిబంధన ఉంది. ధరతోపాటు ఆ అంకె మీద కూడా ఓ చూపు వెయ్యి.

నలుగురూ కూర్చోగానే చికెన్ 65, అపోలో ఫిష్, క్రిస్పీ కార్న్, తలా ఒక కూల్‌డ్రింకు చెప్పేస్తారు. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. వేయించిన ముక్కలు కబుర్లలో పడి ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతాయి. ఇంకా ఆకలిగానే ఉందనుకుని మరో ప్లేటు చెబుతారు. అందుకే స్టార్టర్ నలుగురికీ కలిపి ఒక్కటే చెప్పండి. సూప్ కావాలంటే వన్ బై టూ అడగండి. 300 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలు ఉంటుంది. దాని బదులు మంచినీళ్లో, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగో తాగు.

ఇక బిర్యానీ. హైదరాబాద్‌లో చాలా హోటళ్లలో సింగిల్ బిర్యానీ ఇద్దరికి సరిపోతుంది. నలుగురు వెళ్తే ముందు రెండే చెప్పండి. చాలకపోతే ఇంకొకటి తెప్పించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి పంపలేరు. వడ్డించుకునేటప్పుడు పళ్లెంలో సగం ఉల్లిపాయ, కీరా ముక్కలు, పెరుగుచట్నీకి వదులు. మిగతా సగంలో అడుగున ఉన్న మసాలా అన్నం, పైనున్న తెల్లన్నం కలిపి ఒక గరిటె, ఒక ముక్క పెట్టుకో. మిర్చీ సాలన్ పైన తేలే నూనెను పక్కకు నెట్టి, అడుగున ఉన్న చిక్కటి పులుసు ఒక చెంచా వేసుకో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో రోజు మొత్తం తిండిలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని చెప్పింది. మారు వడ్డించుకునే ముందు కాసేపు ఆగి మాట్లాడుకోండి. అప్పటికీ ఆకలుంటే నిస్సంకోచంగా తిను.

బఫేకి వెళ్తే పళ్లెం పట్టుకోకముందే ఒకసారి చుట్టూ తిరిగి, ఏమేం ఉన్నాయో అన్నీ చూడు. ఇంట్లో దొరకనివి, నీకు బాగా ఇష్టమైనవి నాలుగు ఎంచుకో. కట్టిన డబ్బులు గిట్టుబాటు కావాలని తినకు. ఆ డబ్బు పోనే పోయింది, తిన్నా మానినా తిరిగి రాదు. మీల్స్ హోటల్లో వడ్డించేవాళ్లు అడక్కుండానే అన్నం గుమ్మరిస్తారు. పప్పు, కూర అయ్యాక ఇంకొద్దనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "పెరుగులోకి కొంచెం చాలండీ" అని ముందే చెప్పు.

స్నేహితులు బలవంతం చేస్తే మొహమాటపడకు. "బాగుంది, నాకు చాలు" అని నవ్వుతూ ఒకసారి చెబితే ఎవరూ నొచ్చుకోరు. నువ్వు కూడా ఎవరినీ బలవంతపెట్టకు. మిగిలినది పారేయకుండా పార్సిల్ కట్టించు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేదాకా వేడి చేసుకుని తిను. అన్నం రాత్రంతా బయట ఉంటే అందులో పెరిగే సూక్ష్మక్రిములు విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు.

ఇంత చేసినా కడుపులో మంట, పులితేన్పులు వారాల తరబడి తగ్గకపోతే మందుల దుకాణానికి పోకుండా డాక్టరుకు చూపించు.

బయట తినడం మానమని మీ అమ్మ అంటుంది. నేను అనను. నలుగురితో కూర్చుని తినే భోజనం మనిషికి అవసరం. వచ్చే శనివారం మీ బల్ల దగ్గర ఆర్డర్ నువ్వే చెప్పు, తక్కువతో మొదలుపెట్టు. ఆదివారం పొద్దున్న ఎలా లేచావో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య