ఎనిమిదీ ఎనిమిదీ కలిస్తే నాలుగు!

పిల్లలూ! ఆషాఢమాసంలో ఎప్పుడైనా పాతనగరంలో లాల్‌దర్వాజా బోనాలు చూశారా? సింహవాహిని మహంకాళి ఆలయం చుట్టూ గల్లీలన్నీ మైకులతో మారుమోగుతాయి. అలాంటి పండుగనాడే, పదో తరగతి ముగించి మైకుసెట్టు దుకాణంలో పనికి కుదిరిన నా శిష్యుడొకడు, రెండు స్పీకరు పెట్టెలు చాలవని మరో రెండు తెచ్చి అదే ఆంప్లిఫయరుకు తగిలించాడు. పావుగంట బ్రహ్మాండంగా మోగింది. తర్వాత కమురువాసన, ఆపైన నిశ్శబ్దం! యజమాని అతడి జీతంలో సగం పట్టుకున్నాడు.

"అన్నీ ఎనిమిది ఓములవే పెట్టిన సార్, ఎట్ల కాలింది?" అని నన్నడిగాడు.

జవాబు అతడి పాఠ్యపుస్తకంలోనే ఉంది. నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం తగ్గుతుందని పాఠం చెప్పింది నేనే. స్పీకరు మాట మాత్రం ఎత్తలేదు. ఆ లోటు ఇప్పుడు తీరుస్తాను.

స్పీకరులో అయస్కాంతం మధ్య సన్నని తీగచుట్ట ఉంటుంది. ఏకాంతర విద్యుత్తుకు అది కలిగించే మొత్తం అడ్డును 'అవరోధం' అంటారు. మెకానిక్కులు ఇంపిడెన్స్ అంటారు. దాన్నీ ఓములలోనే కొలుస్తారు. పెట్టె వెనుక 8 ఓములని ఉన్నా మల్టీమీటరు ఆరో ఏడో చూపుతుంది. మీటరు పంపేది ఏకముఖ విద్యుత్తు కాబట్టి, అది తీగ నిరోధాన్ని మాత్రమే కొలుస్తుంది. స్పీకరు చెడిందని కంగారు పడకండి.

ఇక లెక్క చూద్దాం. ఆంప్లిఫయరు 16 వోల్టులు ఇస్తోందనుకోండి. ఒక 8 ఓముల పెట్టె 2 ఆంపియర్లు లాగుతుంది, 32 వాట్లు. సమాంతరంగా రెండు పెట్టెలు కలిపితే 4 ఓములు, 4 ఆంపియర్లు. నాలుగు కలిపితే? 2 ఓములే! 8 ఆంపియర్లు, 128 వాట్లు. ఆంప్లిఫయరు వెనుక "4 ఓములకు తగ్గరాదు" అని రాసే ఉంది. పాపం, ట్రాన్సిస్టర్లు ఆ వేడికి తట్టుకోలేకపోయాయి.

మరి నాలుగు పెట్టెలూ కావాలంటే? రెండేసి పెట్టెలను శ్రేణిలో కలపండి. జతకు 16 ఓములు. ఆ రెండు జతలను సమాంతరంగా కలిపితే మళ్లీ 8 ఓములే. అయితే ఒక్కో పెట్టెకు 8 వాట్లే అందుతాయి. మోత తగ్గుతుంది, కానీ గల్లీ పొడవునా పరచుకుంటుంది. ఇరుగుపొరుగు చెవులకూ అదే మంచిదని నా అభిప్రాయం!

దూరంగా హారన్లు కట్టేవారిది వేరే ఉపాయం. ఆంప్లిఫయరు నుంచి 100 వోల్టుల లైను లాగి, ప్రతి హారను దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. 100 వాట్లను 8 ఓముల స్పీకరుకు నేరుగా పంపాలంటే తీగలో సుమారు మూడున్నర ఆంపియర్లు పారాలి. ఈ లైనులో ఒక్కటే చాలు. తీగలో వేడి ప్రవాహ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అదే తీగలో నష్టం పన్నెండున్నర రెట్లు తగ్గుతుంది.

గిటారు వాయించేవారి వాల్వు ఆంప్లిఫయర్ల తీరు మరొకటి. వాటిలో 4, 8, 16 ఓములకు వేర్వేరు కొనలున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. పెట్టె ఎన్ని ఓములదో ఆ కొనకే కలపాలి. అసలు స్పీకరే తగిలించకుండా వాయిస్తే ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా పెరిగి, తీగల మీది పూత చిట్లిపోవచ్చు.

మా శిష్యుడు కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త ట్రాన్సిస్టర్లు కొని తానే అతికాడు. ఇప్పుడతని జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు, చిన్న కాగితం ఉంటాయి. లెక్క తేలాకే వైరు తగిలిస్తాడు.