కంప్యూటరు తెర చెదరినప్పుడు: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

నేడు పంచాయతీ పాలనలో కంప్యూటరుకు స్థిరమైన చోటు ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీ రాజ్ దినమున, కేంద్ర పంచాయతీ రాజ్ మంత్రిత్వ శాఖవారు ఈ-గ్రామ్ స్వరాజ్ వేదికను ప్రారంభించిరి. గ్రామ ప్రణాళికలును జమాఖర్చులును నమోదు చేయుటకు అది సాధనము. ఇంతటి పనికి ఆధారమైన యంత్రమును గూర్చి సభ్యులు కొంత తెలిసికొనుట అవసరము. ఈ నెల మేము ఒక చిన్న చిక్కును, దాని నివారణను వివరించుచున్నాము. చిక్కు చిన్నదే అయినను, తొందరపడినచో నష్టము పెద్దది కాగలదు.

లినక్స్ అనగానేమి?

కంప్యూటరును నడిపించు మూల వ్యవస్థలలో లినక్స్ ఒకటి. 1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి దీని కీలక భాగమును రచించి లోకమునకు విడుదల చేసెను. ఎవరైనను దీనిని పొందవచ్చును, మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. మన దేశమున సీ-డాక్ సంస్థవారు లినక్స్ ఆధారముగా బాస్ అను వ్యవస్థను 2007లో వెలువరించిరి. తెలుగునాట స్వేచ్ఛ సంస్థవారు ఈ వ్యవస్థను తెలుగులో వాడుకొనునట్లు కృషి చేసిరి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతి రూపమునకు సరిపడని పాత యంత్రములను పారవేయక, వానిలో లినక్స్ నెలకొల్పి మరికొన్ని సంవత్సరములు వాడుకొనుట ఒక మార్గము. పొదుపు కోరు పంచాయతీలకు ఇది ఆలోచింపదగినది.

చిక్కు ఎట్లు వచ్చును?

ఆలూరు ప్రాంతమున ఒక పంచాయతీలో అట్టి యంత్రమున్నదని ఊహింతము. గ్రామసభకు ముందురోజు కార్యదర్శి దానిని తెరువగా, తెర అడుగున నుండవలసిన పట్టీ కనబడదు. గడియారము లేదు, కార్యక్రమముల జాబితా లేదు, గుర్తులన్నియు ఎటో పోయినవి. ఎవరో మౌసుతో పట్టీని లాగి తొలగించియుండవచ్చును. లేదా, పని నడుచుచుండగా కరెంటు పోయి, అమరికలను వ్రాసికొను ఫైలు చెడియుండవచ్చును. చూచువారికి మాత్రము యంత్రమంతయు పాడైనట్లే తోచును.

అప్పుడు ఆదోని నుండి గాని, బళ్ళారి నుండి గాని ఒక మెకానికును పిలిపింతురు. అతడు పరీక్షింపకయే, "అంతయు తుడిచి కొత్తగా ఎక్కించెదను" అనవచ్చును. ఇచ్చటనే ప్రమాదమున్నది. ఈ-గ్రామ్ స్వరాజ్‌లో నమోదైన లెక్కలు దూరముననున్న సర్వరులో భద్రముగా నుండును. కాని తీర్మానముల చిత్తుప్రతులు, ఇంటి పన్ను జాబితాలు, పనుల ఛాయాచిత్రములు, ఉత్తరములు ఆ యంత్రములోనే యుండును. తుడిచినచో అవి పోవును.

ముఖ్య సూత్రము

సభ్యులు గుర్తుంచుకొనవలసినది ఇది: తెరపై అమరిక వేరు, దస్తావేజులు వేరు. కార్యాలయములో బల్లను, కుర్చీని ఎవరో అటునిటు జరిపిన, బీరువాలోని రిజిస్టర్లు చెడిపోవు. అట్లే పట్టీ పోయినంత మాత్రమున ఫైళ్ళు పోవు. లినక్స్‌లో ఒక్కొక్క వాడుకరికి ఒక హోమ్ ఫోల్డరుండును. అందు దస్తావేజులొకచోట, తెర అమరికలు మరియొకచోట నుండును. అమరికలున్న ఫోల్డరు పేరు చుక్కతో మొదలగుటచే సాధారణముగా కనబడదు. ఫైళ్ళు చూపు కిటికీలో కంట్రోలు, హెచ్ మీటలను కలిపి నొక్కిన అట్టి దాగిన ఫోల్డర్లు కనబడును. చూచుటలో దోషము లేదు. కాని ఇతర కార్యక్రమముల అమరికలును అచ్చటనే యుండును గనుక, తొందరపడి వానిని తీసివేయరాదు.

సరిచేయు క్రమము

మొదటిది, నకలు. హోమ్ ఫోల్డరులోని దస్తావేజులను పెన్‌డ్రైవుపై కాపీ చేయవలెను. కాపీ అయిన పిదప రెండు మూడు ఫైళ్ళను పెన్‌డ్రైవు నుండియే తెరచి చూడవలెను. ఇది కానిదే తక్కిన పనికి పూనుకొనరాదు.

రెండవది, తేలిక పరీక్షలు. కొన్ని వేళల పట్టీ పోలేదు, దాగియుండును. మౌసు బాణమును తెర అడుగు అంచుకు తీసికొనిపోయి చూడవలెను. పిదప యంత్రమును క్రమముగా ఆపి మరల ప్రారంభింపవలెను. అనేక పర్యాయములు ఇంతతోనే సరిపోవును.

మూడవది, కొత్త వాడుకరి పరీక్ష. నిర్వాహక పాస్‌వర్డు తెలిసినవారు యంత్రములో మరియొక వాడుకరి పేరును సృష్టించి, ఆ పేరుతో లోనికి ప్రవేశింపవలెను. అచ్చట తెర సక్రమముగా నున్నచో, దోషము పాత వాడుకరి అమరికలలో మాత్రమే యున్నదనియు, వ్యవస్థ క్షేమమనియు తెలియును. అప్పుడు తుడిచివేయవలసిన అగత్యము లేదు.

నాల్గవది, తొలి అమరికను తిరిగి తెచ్చుట. లినక్స్‌లో తెర రూపములు పెక్కు గలవు. లినక్స్ మింట్ అను ప్రసిద్ధ వ్యవస్థ సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అను మూడు రూపములలో లభించుచున్నది. మీ యంత్రములోనిది ఏదియో ముందుగా తెలిసికొనవలెను.

సినమన్ అయినచో, కంట్రోలు, ఆల్టు, ఎస్కేపు మీటలను మూడింటిని ఒకేసారి నొక్కిన, తెర మాత్రము కొత్తగా ప్రారంభమగును. తెరచియున్న పని పోదు. అప్పటికిని అమరిక అస్తవ్యస్తముగానే యున్నచో, పట్టీ ఖాళీ భాగముపై మౌసు కుడిమీట నొక్కి, ట్రబుల్‌షూట్ అను చోట రిస్టోర్ ఆల్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్ అనుదానిని ఎన్నుకొనవలెను. పట్టీ, గుర్తులు, రంగులు మొదట నున్న స్థితికి వచ్చును. దస్తావేజులను అది ముట్టుకొనదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ అయినచో, పట్టీ లేకున్నను తెర ఖాళీ భాగమున కుడిమీట నొక్కిన కార్యక్రమముల జాబితా వచ్చును. అందు సెట్టింగ్స్‌లో ప్యానెల్ అనునది యున్నది. ప్యానెల్ ప్రొఫైల్స్ అను ఉపకరణము నెలకొల్పియున్నచో, బ్యాకప్ అండ్ రిస్టోర్ అను మీట అచ్చట కనబడును. దానిలోని సిద్ధమైన అమరికలలో ఒకదానిని ఎన్నుకొనవచ్చును. బాగుగానున్నప్పుడే మన అమరికను అచ్చట భద్రపరచుకొనినచో, మరియొకనాడు ఒక్క నొక్కుతో తిరిగి తెచ్చుకొనవచ్చును.

ఐదవది, చివరి మార్గము. పై పద్ధతులేవియు ఫలింపకున్నను విచారింపనక్కరలేదు. మూడవ మెట్టులో సృష్టించిన కొత్త వాడుకరినే ఇకమీదట పనికి వాడుకొని, పెన్‌డ్రైవులోని దస్తావేజులను అందు చేర్చుకొనవలెను. పాత వాడుకరిని మాత్రము కొన్ని నెలలు అట్లే యుంచవలెను. మరచిన ఫైలు ఏదైనను అందు దొరకవచ్చును.

అమరిక తొలి స్థితికి వచ్చిన పిదప తెలుగు కీబోర్డును మరల చేర్చుకొనవలసి రావచ్చును. ఆలూరు, హొళగుంద ప్రాంతములు కన్నడ సీమకు సరిహద్దున నున్నవి గనుక, కన్నడమున కూడ వ్రాయువారు ఆ కీబోర్డును సైతము చేర్చుకొనవలెను.

పంచాయతీ చేయవలసిన నిర్ణయములు

యంత్రమును సరిచేయుట కార్యదర్శి పని యని సభ్యులు ఊరకుండరాదు. గ్రామ రికార్డులు గ్రామ ప్రజల సొత్తు. వానిని కాపాడుటకు పంచాయతీ నాలుగు నియమములను తీర్మానించుకొనుట మంచిది.

ఒకటి: వారమునకొకసారి దస్తావేజుల నకలు తీసి, పెన్‌డ్రైవును యంత్రమునకు దూరముగా తాళమున్న బీరువాలో నుంచవలెను. రెండు: నకలు తీసినట్లు సంతకముతో పుస్తకమున వ్రాయనిదే, ఏ మెకానికును యంత్రమును తుడువరాదు. మూడు: కార్యాలయమునకు వచ్చిపోవువారికి వేరొక వాడుకరి పేరు ఇయ్యవలెను, కార్యదర్శి వాడుకరి పేరు ఇతరులకు ఇయ్యరాదు. నాలుగు: కరెంటు హఠాత్తుగా పోయినను పనిని క్రమముగా ముగించుటకు చాలునట్లు యూ.పి.యస్. ఒకటి అమర్చుకొనవలెను.

యంత్రములో ఏ తెర రూపమున్నది, నిర్వాహక పాస్‌వర్డు ఎవరికి తెలియును, సరిచేయు క్రమమేమి అను విషయములను వ్రాసి కార్యాలయములో నుంచవలెను. పాస్‌వర్డును మాత్రము గోడపై వ్రాయరాదు. దానిని కవరులో నుంచి, సీలువేసి, బీరువాలో భద్రపరుపవలెను.

పూర్వము కరణముల కాలమున లెక్కల కట్టలకు చెదలు పట్టకుండ చూచుట గ్రామమునకు గౌరవమైన పని. నేడు కట్టల స్థానమున కంప్యూటరు వచ్చినది. కాపాడు బాధ్యత మాత్రము మారలేదు. తెర చెదరినప్పుడు ముందు నకలు, పిదప పరీక్ష, ఆపైన మరమ్మతు: ఈ వరుసను సభ్యులెల్లరు తెలిసికొనినచో, ఒక్క పన్ను జాబితాయు, ఒక్క తీర్మానమును పోకుండ గ్రామసభ వేళకు పని సాగును.